చీకటి కవి అన్న నింద: గోంగొరా చుట్టూ నాలుగు వందల ఏళ్ల విమర్శ

1613లో కోర్దొబా నుంచి మద్రిద్‌కి ఒక కవిత చేతిరాత నకళ్లుగా చేరింది. పేరు ‘సోలెదాదెస్’, అంటే ఏకాంతాలు. రాసింది లూయిస్ దె గోంగొరా. కోర్దొబా కెథీడ్రల్‌లో పదవిలో ఉన్న మతాధికారి, అప్పటికే పాటలతోనూ సానెట్లతోనూ పేరు మోసిన కవి. ఆ కవిత పూర్తి కాలేదు, అచ్చూ కాలేదు. అయినా చూస్తుండగానే దాని మీద ఉత్తరాలు, ఖండనలు, ఖండనలకు జవాబులు, ఎగతాళి పద్యాలు మొదలయ్యాయి. స్పానిష్‌లో సాహిత్య విమర్శ ఎలా పనిచేస్తుందో, ఎక్కడ తప్పటడుగు వేస్తుందో చూడాలంటే ఇంతకంటే మంచి సందర్భం నాకు తెలియదు. ఒకే కవితని విమర్శకులు ముందు పాతిపెట్టారు, మూడు వందల ఏళ్ల తర్వాత తవ్వితీశారు. తీసేటప్పుడు ఒక ముఖ్యమైన ముక్కని మట్టిలోనే వదిలేశారు.

‘గోంగొరా అర్థం కాడు’ అన్నది ఒక్క ఆరోపణలా వినిపిస్తుంది కానీ అందులో వేరువేరు ఫిర్యాదులు కలగలిసి ఉన్నాయి. వాక్యం మెలికలు తిరిగి ఉంటుందని కొందరన్నారు. పురాణ ప్రస్తావనలు మరీ ఎక్కువని ఇంకొందరు. ఇంత కష్టపడి విప్పితే లోపల చెప్పుకోదగ్గ విషయమే లేదని మరికొందరు. మొదటి రెండూ పాఠకుడి శ్రమకి సంబంధించినవి. మూడోది కవిత విలువకి సంబంధించినది. మొదటి రెండిటికీ సాక్ష్యం దొరకగానే మూడోది కూడా రుజువైపోయినట్టు మాట్లాడటమే ఈ తగవు పొడుగునా జరిగిన అన్యాయం.

ముందు కవితనే చూద్దాం. మొదటి ఏకాంతంలో 1091 పాదాలు, రెండోదాంట్లో 979. నాలుగు రాయాలనుకున్నాడంటారు, రెండోదే మధ్యలో ఆగిపోయింది. ఏడు, పదకొండు అక్షరాల పాదాలు ఒక నియమిత క్రమం లేకుండా కలిసి నడుస్తాయి. కథ చాలా చిన్నది. ప్రేమలో తిరస్కారం పొందిన ఒక యువకుడు ఓడ మునిగి ఒడ్డుకి కొట్టుకొస్తాడు. మేకల కాపరులు ఆదరిస్తారు. మర్నాడు పెళ్లికి వెళ్తున్న కొండ ఊళ్లవాళ్లు కనిపిస్తారు, వాళ్లతో కలిసి పెళ్లికి వెళ్తాడు. రెండో భాగంలో జాలరుల దగ్గర ఉంటాడు. యువకుడి పేరు మనకి చివరిదాకా తెలియదు.

ఇక ఎత్తుగడ: ‘ఎరా దెల్ ఆన్యొ లా ఎస్తసియోన్ ఫ్లోరీదా’. ఏడాదిలో అది పూల రుతువు అని. ఇంతవరకూ ఏ ఇబ్బందీ లేదు. ఆ వెంటనే, యూరోపాని ఎత్తుకుపోయిన ఆ మాయదొంగ, నుదుటి ఆయుధాలు అర్ధచంద్రుడై, ఒంటి వెంట్రుకలు సూర్యకిరణాలై, ఆకాశానికి వెలుగైన గౌరవమై, నీలమణి పొలాల్లో నక్షత్రాలు మేసే వేళ అంటాడు. జూపిటర్ ఎద్దు వేషంలో యూరోపా అనే రాకుమారిని ఎత్తుకుపోయాడన్న కథ తెలిస్తే సగం ముడి విడిపోతుంది. నక్షత్రాలు మేసే ఎద్దు అంటే వృషభరాశి. సూర్యుడు ఆ రాశిలో ఉన్నాడు, అందుకే వెంట్రుకలన్నీ కిరణాలయ్యాయి. వాళ్ల లెక్కలో అది ఏప్రిల్ చివరివారం తర్వాతి మాట. రాశుల్ని పంచాంగంలో రోజూ చూసే తెలుగు పాఠకుడికి ఇది స్పానిష్ పిల్లల కంటే త్వరగా తట్టినా ఆశ్చర్యం లేదు.

తర్వాతి పాదంలో కథానాయకుడు వస్తాడు. జూపిటర్‌కి పానపాత్ర అందించడానికి ఈదా కొండ కుర్రాడి కంటే తగినవాడట. ఈదా కొండ కుర్రాడు అంటే దేవతలు అందానికి మురిసి ఎత్తుకుపోయిన గానిమీడ్. అంటే మన యువకుడు అంత అందగాడని. అతను ఓడ మునిగినవాడు, తిరస్కృతుడు, ప్రియురాలికి దూరమైనవాడు. ప్రేమతో కన్నీళ్లు నిండిన తియ్యటి ఫిర్యాదుల్ని సముద్రానికి వినిపిస్తున్నాడు.

వాక్యం సంగతి. తెలుగు ప్రబంధాలు చదివినవాళ్లకి దూరాన్వయం కొత్త కాదు. విశేషణం ఒకచోట, విశేష్యం నాలుగు పదాల అవతల. విభక్తులు ఉన్న భాషల్లో ఇది చెల్లుతుంది, ఏ మాట దేనికి చెందుతుందో ప్రత్యయం చెప్పేస్తుంది కాబట్టి. లాటిన్‌కి ఆ సౌకర్యం ఉండేది. దాని బిడ్డ స్పానిష్ ఆ విభక్తుల్ని పోగొట్టుకుంది, పదాల వరుస మీదే ఎక్కువగా ఆధారపడింది. అటువంటి భాషలో గోంగొరా లాటిన్ స్వేచ్ఛని తిరిగి తీసుకోవాలని చూశాడు. అతని ఇంకో పెద్ద కవిత ‘పోలిఫెమొ’ మొదటి పాదాన్ని ఉన్నది ఉన్నట్టు మాటకి మాట పెడితే ‘ఈ నాకు చెప్పి రాయించిన పద్యాలు ధ్వనించే’ అని వస్తుంది. చెప్పిందెవరో తర్వాతి పాదం చివరిదాకా తెలియదు. లింగం, వచనం ఇచ్చే చిన్న ఆధారాలతో చదువరి అన్వయం కుదుర్చుకోవాలి. కుదరక మానదు. నాకు తెలిసినంతలో గోంగొరా వాక్యం వ్యాకరణం ముందు ఎప్పుడూ ఓడిపోదు. ఆలస్యంగా గెలుస్తుంది, అంతే.

ఆ ఆలస్యం వల్ల ఏం లాభం? ఒడ్డుకి చేరిన యువకుడు తడిబట్టలు ఆరబెట్టుకునే ఎనిమిది పాదాలు చూడండి. బట్ట తాగిన సముద్రాన్నంతా పిండి ఇసుకకి తిరిగి ఇప్పిస్తాడు. తర్వాత దాన్ని ఎండలో పరుస్తాడు. సూర్యుడు గోరువెచ్చని నిప్పుతో చేసిన తియ్యటి నాలుకతో దాన్ని నాకీ నాకనట్టు నాకుతూ, మెల్లగా దాని మీదికి దూకి, అతి చిన్న దారం నుంచి అతి చిన్న అలని పీల్చేస్తాడు. స్పానిష్‌లో కర్మ ముందొచ్చి క్రియ చివరికి జరగటంతో ఆ బట్టలోంచి నీళ్లు వచ్చేదాకా మనమూ ఆగాలి. క్రియ చివర్న రావడం మన భాషలో రోజువారీ సంగతి కాబట్టి ఈ నిరీక్షణ మనకి సహజంగా తోస్తుంది. స్పానిష్ చెవికి మాత్రం అది బిగబట్టిన ఊపిరి.

ఇక్కడ ‘దూకి’ అన్నచోట గోంగొరా వాడిన క్రియ ఎద్దు కొమ్ములు వంచి మీదికి రావడాన్ని చెప్పేది. నాలుకతో నాకడం కూడా పశువు చేసే పనే. మొదటి పాదాల్లోని వృషభరాశి ఇక్కడ ఒడ్డు మీదికి దిగివచ్చింది. యువకుణ్ణి ఆరబెడుతున్నది ఆ నక్షత్రాలు మేసిన ఎద్దే. ఎత్తుగడలోని పురాణ ప్రస్తావన పాండిత్య ప్రదర్శన అన్నవాళ్లు ఈ చోటిదాకా ఓపికగా చదవలేదని నాకనిపిస్తుంది.

వ్యతిరేకుల్లో చిన్నవాళ్లు ఎవరూ లేరు. సెవియా కవి, చిత్రకారుడు హువాన్ దె హౌరెగి ఆ కవితని అంటువ్యాధి అన్నాడు, దానికి విరుగుడు అంటూ ఒక ఖండన గ్రంథం రాశాడు. అతని అభ్యంతరం కేవలం క్లిష్టత మీద కాదు. ఉదాత్తమైన భాష రాజులకీ యుద్ధాలకీ తగినదనీ, కాపరులకీ పల్లె పెళ్లిళ్లకీ ఆ శైలి ఏమిటనీ అడిగాడు. నిజానికి గోంగొరా చేసిన అసలు సాహసం అదే. అతని చేతిలో కోడిపుంజు కూడా సూర్యుడి ఇంటి వార్తలు పాడి చెప్పే దూత అవుతుంది, పగడాల గడ్డం, ఊదారంగు తలపాగా పెట్టుకుంటుంది. హౌరెగి దాన్ని తప్పుగా చూశాడు కానీ సరిగ్గానే గుర్తుపట్టాడు. తర్వాతి వందల ఏళ్లలో గోంగొరాని మెచ్చుకున్నవాళ్లలో చాలామంది ఇంత కూడా గమనించలేదు. చిత్రమేమంటే 1624లో హౌరెగి తన ‘ఓర్ఫెయొ’ కవిత వెలువరిస్తే అదీ గోంగొరా దారిలోనే ఉందని అతన్ని తప్పుపట్టారు.

మద్రిద్ కవి ఫ్రన్సిస్కొ దె కెవేదొది ఇంకో పద్ధతి. ఒక్కరోజులో ‘సోలెదాదెస్’ వండటానికి చిట్కా అంటూ ఒక ఎగతాళి పద్యం కట్టాడు. గోంగొరా మనుషులు వాడే విడ్డూరపు మాటల్ని వరసగా పేర్చాడు. ఆ జాబితాలో యువకుడు, సామరస్యం, నిర్మిస్తాడు అనే అర్థాలున్న ‘హోవెన్’, ‘ఆర్మొనీయా’, ‘కొన్స్త్రూయె’ ఉన్నాయి. ఈనాడు స్పానిష్ మాట్లాడే ఏ పిల్లవాడైనా వాడే మాటలవి. తర్వాత 1631లో కెవేదొ, ముందు శతాబ్దపు కవి ఫ్రాయ్ లూయిస్ దె లెయోన్ పద్యాల్ని అచ్చువేయించాడు. నిర్మలమైన స్పానిష్ ఇలా ఉంటుంది చూడండి అని చెప్పడమే ఉద్దేశం. విమర్శ ఎప్పుడూ వ్యాసంగానే రానక్కర్లేదు, ఒక పాత కవిని సరైన సమయంలో తిరిగి అచ్చువేయడం కూడా విమర్శే.

గోంగొరా వైపు నిలిచినవాళ్లూ తక్కువ కాదు. అతను 1627 మేలో చనిపోయాక ఆంతోనియొ చకోన్ అనే మిత్రుడు కవితలన్నిటినీ తేదీలతో సహా అందమైన రాతప్రతిగా తయారుచేయించి 1628లో ప్రధానమంత్రి ఒలివారెస్‌కి అంకితమిచ్చాడు. పెయిసేర్, సల్సేదొ కొరొనెల్ అనే పండితులు పోటీపడి పాదం పాదానికి వ్యాఖ్యానాలు అచ్చువేశారు. బతికున్నప్పుడే పాఠ్యంగా మారిన కవికి, చనిపోయిన మూడేళ్లకే వర్జిల్‌కి జరిగినట్టు టీకా దొరికింది. ఆ వ్యాఖ్యానాలు ఎక్కువగా ఏ పురాణం ఎక్కడిది, ఏ లాటిన్ పాదం అనుకరణ అన్న విషయం మీదే ఆగిపోతాయి. ఎద్దు ఒడ్డు మీదికి దిగింది అన్నలాంటి సంగతులు వాళ్ల లెక్కలోకి రాలేదు.

దీర్ఘకాలంలో అన్నిటికంటే నష్టం చేసింది ఒక తీర్పు. 1634లో ఫ్రన్సిస్కొ కస్కాలెస్ అనే పండితుడు, వెలుగుకి రాజైన గోంగొరా చీకటికి రాజయ్యాడని రాశాడు. వినసొంపుగా ఉంది, గుర్తుపెట్టుకోవడం తేలిక. దాంతో ఇద్దరు గోంగొరాలు పుట్టారు. పాటలు రాసిన మంచి గోంగొరా, పెద్ద కవితలు రాసిన చెడ్డ గోంగొరా. కవిత్వానికి నియమాలే ముఖ్యమన్న 18వ శతాబ్దపు విమర్శకులకి ఇది చక్కగా సరిపోయింది. 19వ శతాబ్దం చివర స్పానిష్ విమర్శకి పెద్దదిక్కైన మెనెందెస్ పెలాయొ కూడా ఇదే దారిలో నడిచి ‘సోలెదాదెస్’లో కవితాత్మక శూన్యవాదం తప్ప ఇంకేం లేదని తేల్చాడు. అంతటి పండితుడి మాట పాఠ్యపుస్తకాల్లోకి వెళ్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మనకీ దగ్గరి అనుభవం ఉంది. 1914లో కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వ విచారము’లో ‘వసుచరిత్ర’ని తూకం వేశాక, ఆ కావ్యాన్ని స్వయంగా చదవకుండానే దాని లోపాలు చెప్పగలిగినవాళ్లు తయారయ్యారు. కట్టమంచి వాదన బలమైనదే. అయినా పెద్ద విమర్శకుడి మాట పాఠకుడి చదువుకి బదులుగా నిలిచిపోయే ప్రమాదం రెండు చోట్లా ఒకటే.

తిరుగుబాటు మొదలైంది బయటినుంచి. పారిస్‌లో వెర్లేన్ 1866లోనే మొదటి ఏకాంతం చివరి పాదాన్ని తన కవితకి తలమీద పెట్టుకున్నాడు. ప్రేమయుద్ధాలకి ఈకల రణభూమి అని అర్థం వచ్చే పాదం అది, దాన్ని సిద్ధం చేసింది నురుగు కూతురు వీనస్. నికరాగ్వా కవి రుబేన్ దారియొ గోంగొరాకి సానెట్లు రాశాడు. 1921లో ఫ్రెంచి పండితుడు ఫుల్షె-దెల్‌బోస్క్ చకోన్ రాతప్రతి ఆధారంగా పాఠాన్ని సరిచేసి అచ్చువేశాడు. ఆ పనిలో తోడ్పడింది మెక్సికో రచయిత అల్ఫోన్సొ రేయెస్. నమ్మదగిన పాఠం లేకుండా ఆ తర్వాత జరిగినదేదీ జరిగేది కాదు.

తర్వాత 1927 వచ్చింది, గోంగొరా చనిపోయి మూడు వందల ఏళ్లు. స్పెయిన్‌లో ఇరవైల్లో, ముప్పైల్లో ఉన్న కవులు కొందరు ఆ మూడు వందల ఏళ్ల ఉత్సవాన్ని అకాడెమీలకి వదిలిపెట్టకుండా తామే జరిపారు. ఫెదెరీకొ గార్సియా లోర్కా అంతకు ముందే, 1926లో గ్రనాదాలో, గోంగొరా ఉపమానాల మీద ఉపన్యాసం ఇచ్చాడు. హెరార్దొ దీయెగొ అతని గౌరవార్థం ఒక సంకలనం చేశాడు. రఫాయెల్ అల్బెర్తి ఏకంగా గోంగొరా రాయని మూడో ఏకాంతాన్ని రాయడానికి పూనుకున్నాడు. డిసెంబర్‌లో సెవియాలో సభలు పెట్టారు. స్పానిష్ కవిత్వ చరిత్రలో ఆ తరానికి ‘27 తరం’ అన్న పేరే ఇక్కణ్ణుంచి వచ్చింది. సభలు, సంకలనాలు ఉత్సాహం ఇస్తాయి కానీ కవితని చదివించేది వేరే పని. ఆ పని చేసింది ఆ తరంలోనే కవీ పండితుడూ అయిన దమాసొ అలోన్సొ.

1927లో అలోన్సొ వెలువరించిన ‘సోలెదాదెస్’ ఎడిషన్‌లో మూలం పక్కన మొత్తం కవితకి స్పానిష్ వచనం ఉంది. మన పాత కావ్యాలకి తాత్పర్యం రాసినట్టు, ఒక్క పాదం కూడా దాటవేయకుండా. ‘చూడండి, ప్రతి వాక్యానికీ అర్థం ఉంది, ఇదిగో’ అని చూపించడం. మూడు వందల ఏళ్ల ఆరోపణకి ఇంతకంటే సూటి జవాబు లేదు. విరామచిహ్నాలు కూడా అతను కొత్తగా అమర్చాడు. ఒక కామా ఎక్కడ పడుతుందన్న దాని మీద గోంగొరా పద్యం మొత్తం ఆధారపడి ఉండే సందర్భాలు చాలా ఉన్నాయి. అలోన్సొ చెప్పింది, ఈ కవి చీకటి కాదు, కష్టం అని. కళ్లు చిట్లించాల్సి వచ్చేది వెలుగు తక్కువై కాదు, ఎక్కువై.

తర్వాత అతను ‘గోంగొరా కావ్యభాష’ అనే అధ్యయనంలో ఇద్దరు గోంగొరాల సిద్ధాంతాన్ని లెక్కలతో పడగొట్టాడు. ఆ వింత మాటలు, ఆ పదక్రమం, ఆ వాక్య సూత్రాలు అన్నీ తొలి కవితల్లోనే ఉన్నాయి, పెద్ద కవితల్లో చిక్కబడ్డాయి అంతే. 1613లో ఎవరూ వెలుగులోంచి చీకట్లోకి జారిపడలేదు.

అలోన్సొ చెవి ఎలా పనిచేస్తుందో చెప్పే ఒక్క ఉదాహరణ. ‘పోలిఫెమొ’లో రాక్షసుడి గుహ ముందు రాత్రి పక్షుల గుంపు ఉంటుంది. ఆ పాదం: ‘ఇన్ఫామె తుర్బా దె నొక్తుర్నాస్ ఆవెస్’. రాత్రి పక్షుల నీచపు మంద అని. పదకొండు అక్షరాల్లో నాలుగో అక్షరం ‘తుర్’, ఎనిమిదో అక్షరం మళ్లీ ‘తుర్’. ఈ రెండు చోట్లా స్వరభారం పడుతుంది. ముదురు ‘ఉ’ కారం రెండుసార్లు దిగబడి పాదం అంతటా చీకటి పరుస్తుందని అలోన్సొ చూపించాడు. మొదటి ‘తుర్’ ఉన్న మాటకి చీకటితో నేరుగా సంబంధమే లేదు, దాని అర్థం గుంపు. రెండో దానిలోని రాత్రి మొదటి దాంట్లోకి ధ్వని దారిన పాకిపోతుంది. ఒకసారి విన్నాక ఆ పాదాన్ని ఇంకోలా చదవడం కుదరదు. 1950లో వచ్చిన ‘పొయెసియా ఎస్పన్యోలా’ అనే అతని పుస్తకం స్పానిష్ విశ్వవిద్యాలయాల్లో ఒక తరం మొత్తానికి కవిత్వం చదవడం నేర్పింది. శైలిశాస్త్రం అని పిలిచే ఆ పద్ధతికి తర్వాత ఎన్ని పేర్లు మారినా, ఒక్క పాదం దగ్గర అంతసేపు కూర్చోవడం ఎలాగో నేర్పినవాళ్లు తక్కువ.

మొదట్లో చెప్పిన, మట్టిలోనే మిగిలిపోయిన ముక్క కథ కూడా ఇంత చేసిన అలోన్సొ దగ్గరే ఉంది.

సాయంకాలం యువకుడు ఒడ్డు నుంచి పైకి ఎక్కుతుంటే వెలుగు తగ్గిపోతుంది. దిగంతం కలగాపులగమై నీటి కొండలు, కొండల సముద్రాలు అయిపోతుంది. తాత్పర్యంలో దీన్ని విప్పి చెప్పాలంటే, మసకవెలుతురులో అలలు కొండల్లాగా, కొండలు అలల్లాగా కనిపించాయి అనాలి. సరైన అర్థమే. కానీ ‘లాగా’ అన్న మాట చేరగానే ఏది నీరో ఏది నేలో మనకి తెలిసిపోతుంది. కవితలో ఉన్నవాడికి తెలియదు. ఓడ మునిగి అలిసిపోయి, చీకట్లో తెలియని కొండెక్కుతున్నవాడి అయోమయం అది. అర్థం పూర్తిగా చెప్పగలమని నిరూపించాలన్న పట్టుదలతో అలోన్సొ ఆ అయోమయాన్ని కూడా పరిష్కరించేశాడు. గోంగొరా సందిగ్ధంగా ఉంచిన చోట్లని సందిగ్ధంగానే చదవాలని తర్వాతి విమర్శకులు వాదించారు, వాళ్ల వైపే నేనూ ఉంటాను.

రెండో లోపం దీనికంటే పెద్దది. 1920లలో స్పెయిన్ యువకవులకి కావలసింది స్వచ్ఛ కవిత్వం. ఈనాటి కవిత్వం ఉపమానాల ఉన్నత బీజగణితం అని తత్త్వవేత్త ఓర్తెగా ఇ గసెత్ 1925లో రాసిన రోజులవి. గోంగొరా వాళ్లకి ఆ బీజగణితంలో పూర్వాచార్యుడిగా దొరికాడు. వస్తువు ఏమీ లేదు, అందుకే చెడ్డ కవి అని మెనెందెస్ పెలాయొ అన్నాడు. వస్తువు పట్టింపు లేదు, అందుకే గొప్ప కవి అని వీళ్లన్నారు. తీర్పు తిరగబడింది కానీ ఆ మధ్యమాట మాత్రం చెక్కుచెదరకుండా నిలిచింది. కవితలో వస్తువు లేదనే మాటని ఎవరూ పరీక్షించలేదు.

ఆరబెట్టిన ఆ బట్టల దగ్గరికి వెళ్దాం. మర్నాడు కొండ ఊళ్లవాళ్లలో ఒక ముసలాయన యువకుణ్ణి చూస్తాడు. ఆయన కళ్లలో నీళ్లు నిండుతాయి, ఆ దుస్తుల్లో సముద్రాన్ని గుర్తుపట్టాడు కాబట్టి. మండే సూర్యుడు కూడా తాగలేకపోయిన నీలి గుర్తులు ఆ బట్టలో ఉన్నాయని కవి కుండలీకరణంలో చెబుతాడు. మూడు వందల పాదాల క్రితం సూర్యుడు అతి చిన్న దారం నుంచి అతి చిన్న అల దాకా పీల్చేశాడని మనం చదివాం. పీల్చలేనిది ఒకటి మిగిలిందని ఇప్పుడు తెలుస్తోంది. అది కనిపించింది సముద్రంలో కొడుకుని పోగొట్టుకున్న ఒక తండ్రికి.

అక్కణ్ణుంచి సుమారు నూట ముప్పై పాదాలు ఆ ముసలాయన మాట్లాడతాడు. ఓడల మీద, సముద్రయానం మీద ఆక్రోశం అది. ఈనాడు చుక్కాని పట్టింది దురాశ అంటాడు. అది నడిపేది ఒకటీ అరా చెట్లని కాదు, నిలకడలేని అడవుల్నే అంటాడు, అంటే నౌకాదళాల్ని. కొలంబస్ ప్రయాణం వస్తుంది, పేరు రాదు. అతని మూడు ఓడలు సముద్రదేవుడు నెప్ట్యూన్ త్రిశూలాన్ని అపవిత్రం చేశాయని మాత్రమే ఉంటుంది. పనామా భూసంధి వస్తుంది. మహాసముద్రం ఒక స్ఫటిక సర్పం, దాని తల ఉత్తర ధ్రువతారతో, తోక దక్షిణ నక్షత్రాల పొలుసులతో మెరుస్తుంటే ఆ రెంటినీ కలవనీయకుండా భూసంధి అడ్డుపడింది. ఆఫ్రికా కొస చుట్టి తూర్పుకి పోయిన పోర్చుగీసు ఓడలు వస్తాయి, ఆ సుగంధద్రవ్యాల దారికి అవతలి కొస మన తీరాలే. మెగెల్లాన్ జలసంధి పారిపోయే వెండితో చేసిన మడతబందు అవుతుంది, రెండు మహాసముద్రాల తలుపుల్ని పట్టి ఉంచే బందు. చివరికి ముసలాయన గొంతు ఆగిపోతుంది. నా ఆస్తితోపాటు నా ప్రాణంలో అతి విలువైనది ఆ సముద్రాల్లోనే ఉండిపోయింది, దాని జ్ఞాపకం దుఃఖాల రాబందు అని ముగిస్తాడు.

స్పెయిన్ సామ్రాజ్యం తన నౌకల్ని చూసి మురిసిపోతున్న కాలంలో, కొత్త దారులు కనిపెట్టిన ఆ నావికుల్లో ఎవరి పేరూ పలకకుండా, వాళ్ల ప్రయాణాలన్నిటికీ దురాశని నాయకుణ్ణి చేసిన కవి ఇతను. ఇది శూన్యవాదమా? ఆ దృశ్యాల అందం కూడా నిజమే, వెండి బందు మెరుస్తూనే ఉంటుంది. ఖండించే నోటితోనే ముసలాయన ఆ సముద్రాల్ని ఇంత అందంగా వర్ణించడం వల్ల ఆ ఉపన్యాసం నీతిబోధ కాకుండా బయటపడింది. 1967లో ఫ్రెంచి పండితుడు రొబేర్ ఝామ్ గోంగొరా కవిత్వమంతటా ఆస్థానం మీద, యుద్ధకీర్తి మీద విముఖత పరుచుకుని ఉందని సవివరంగా చూపించాడు. 1980లో జాన్ బెవర్లీ ‘సోలెదాదెస్’ని సామ్రాజ్యపు సంక్షోభంలోంచి చదివాడు. బెవర్లీ చదువు కొన్నిచోట్ల ఆర్థిక చరిత్రని పద్యం మీద బలవంతంగా రుద్దుతుంది. కానీ వస్తువు లేదన్న మూడు శతాబ్దాల మాటకి అతనితో కాలం చెల్లింది. ఇంకో మాట కూడా చెప్పాలి, అలోన్సొ వచనం ముందుగా లేకపోతే ఝామ్‌కి గానీ బెవర్లీకి గానీ నిలబడటానికి నేల ఉండేది కాదు.

అలోన్సొ జీవితం కూడా ఈ కథలో భాగమే. 1936లో అంతర్యుద్ధం వచ్చింది. లోర్కాని కాల్చి చంపారు. సెవియా సభల మిత్రులు చాలామంది ప్రవాసం పోయారు. అలోన్సొ స్పెయిన్‌లోనే ఉండిపోయాడు. 1944లో ‘ఇహోస్ దె లా ఇరా’, ఆగ్రహపు బిడ్డలు, అనే కవితల పుస్తకం తెచ్చాడు. మద్రిద్ పది లక్షలకు పైగా శవాలున్న నగరం, తాజా గణాంకాల ప్రకారం, అని మొదలవుతుంది. దూరాన్వయం లేదు, పురాణం లేదు. 1927 నాటి కళాసిద్ధాంతాలు తనలోని కవిని గడ్డకట్టించాయని, యుద్ధం కుదిపితే గానీ తనకి గొంతు రాలేదని తర్వాత ఒప్పుకున్నాడు. గోంగొరాని అతను ఎప్పుడూ వదులుకోలేదు. కానీ ఆ ముసలాయన శోకాన్ని 1944 తర్వాతి అలోన్సొ సంపాదకుడిగా మొదటిసారి చదివి ఉంటే ఏం రాసేవాడా అని నాకు తరచూ అనిపిస్తుంది.

స్పెయిన్ గోంగొరాని మరిచిన కాలంలో అమెరికా ఖండం మరవలేదు. 1662లో లిమాలో ‘అపొలొహేతికొ’ అనే పుస్తకం అచ్చయింది. రాసింది పెరూలోని కూస్కొలో ఉండే హువాన్ దె ఎస్పినోసా మెద్రానొ, స్థానికుల కెచువా భాషలో నాటకాలు కూడా రాసిన మతాధికారి. ఒక పోర్చుగీసు విమర్శకుడు గోంగొరాని కించపరిచినందుకు జవాబు అది. ఆ విమర్శ వచ్చి అప్పటికి చాలా ఏళ్లయింది. ఆలస్యంగా బయల్దేరానేమో, కానీ మేం చాలా దూరాన బతుకుతున్నాం అంటాడు. ఇండీస్‌లో, అంటే అమెరికా వలసల్లో, మంచిదేం ఉంటుంది అనుకునేవాళ్లని కూడా మాటల్తో నిలదీస్తాడు. పైకి అది గోంగొరా పదక్రమాన్ని సమర్థించే వ్యాకరణ చర్చ. లోపల, విమర్శ రాసే అధికారం యూరప్‌కి మాత్రమే ఉందా అన్న ప్రశ్న. లాటిన్ అమెరికాలో సాహిత్య విమర్శ ఎక్కడ మొదలైందని అడిగితే నేను ఈ పుస్తకాన్నే చూపిస్తాను. ముప్పై ఏళ్ల తర్వాత మెక్సికో సన్యాసిని సోర్ హువానా ఇనెస్ దె లా క్రూస్ రాసిన ‘ప్రిమేరొ స్వేన్యొ’ 975 పాదాలతో అచ్చయింది, గోంగొరా అనుకరణ అని శీర్షికలోనే ఉంది. ఛందస్సు, వాక్యం అతనివే. కానీ గోంగొరా కంటితో చూసే లోకం పోయి, నిద్రలో ఉన్న దేహాన్ని వదిలి సర్వజ్ఞానం కోసం ఎగిరి కింద పడే బుద్ధి వచ్చింది. ఒక్తావియొ పాస్ 1982లో ఆమె మీద రాసిన పెద్ద పుస్తకంలో ఈ తేడాని బాగా విడమర్చాడు.

20వ శతాబ్దంలో ఈ వారసత్వం నవలలోకి వచ్చింది. క్యూబాలో హొసె లెసామా లీమా 1951లో గోంగొరా మీద వ్యాసం రాశాడు. తర్వాత అమెరికా బరోక్ శైలిని, అంటే అలంకారాలు దట్టంగా పేర్చే శైలిని, ఎదురు దండయాత్ర కళ అని వర్ణించాడు, జయించినవాళ్ల అలంకారాల్ని తీసుకుని జయింపబడినవాళ్లు తమ గొంతు పెట్టుకోవడం. 1966లో అతని నవల ‘పరదీసొ’ హవానాలో అచ్చయింది. ఉబ్బసంతో ఊపిరాడని పిల్లవాడితో మొదలై, వాక్యం వెంట వాక్యం ఉపమానాలు పేర్చుకుంటూ పోయే ఆరొందల పేజీల వచనం. మళ్లీ అవే ఫిర్యాదులు వచ్చాయి. కష్టం, పాండిత్యం, లోపల ఏముంది? విదేశీ పేర్ల స్పెల్లింగులు తప్పుగా ఉన్నాయని చెప్పి పుస్తకాన్ని పక్కన పెట్టిన పండితులూ ఉన్నారు. అర్జెంటీనా నవలాకారుడు హూలియొ కోర్తాసర్ 1967లో లెసామాని చేరుకోవడం ఎలా అని ఒక వ్యాసం రాసి వాళ్లకి గట్టిగా జవాబిచ్చాడు, ఆ అచ్చుతప్పుల వెనక దాక్కుని నవలని తప్పించుకుంటున్నారని. అంతటితో ఆగలేదు. హవానా ప్రతి నిండా తప్పులుండటంతో, 1968లో మెక్సికోలో ‘ఎరా’ ప్రచురణసంస్థ కొత్త ఎడిషన్ తెచ్చినప్పుడు, మెక్సికో రచయిత కార్లోస్ మొన్సివాయిస్‌తో కలిసి దాని పాఠాన్ని తానే చూసిపెట్టాడు. అప్పటికే పేరు మోసిన నవలాకారుడు ఇంకొకరి నవలకి ప్రూఫులు దిద్దడానికి కూర్చున్నాడు.